సరిహద్దు అవతలి గంట

శవం ఉన్న గది నిశ్శబ్దంగానే ఉంది. గొడవంతా బయట మెట్ల మీద జరుగుతోంది.

"ఇందులో ఆలోచించడానికేముంది మేడం? మీ త్సాంకో ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని పుస్తకంలో టిక్కులు కొట్టాడు. ఆవిడ చచ్చి వారమైందని డాక్టరంటున్నాడు. పుస్తకంలో మాత్రం నిన్న కూడా కిటికీలో కనబడి బాగున్నానందట!"

ఈ మాటలన్నది కామెన్ బెలిషెవ్. జిల్లా కేంద్రం నుంచి ప్రాసిక్యూటర్ తరఫున వచ్చిన దర్యాప్తు అధికారి. ముప్పై నాలుగేళ్ళు, ఇస్త్రీ నలగని చొక్కా, ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగలేని నోరు. మాస్క్ ఆ నోటిని కప్పగలిగింది గానీ ఆపలేకపోయింది.

"టిక్కులు కాదు, టైములు రాశాడు," అన్నాను. "పదీ నలభై ఐదు, పదీ నలభై ఆరు, పదీ నలభై నాలుగు. ఇంట్లో కూర్చుని రాసేవాడు అంత కష్టపడడు."

"తెలివైనవాడైతే పడతాడు."

"త్సాంకోనా?" అన్నాను. గోడకి ఆనుకుని నిలబడ్డ త్సాంకో ఆ మాటకి నొచ్చుకోవాలో సంతోషించాలో తెలియక నా వైపు చూశాడు. మా స్టేషన్ కానిస్టేబులు, యాభై తొమ్మిదేళ్ళ మనిషి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నా పేరు నెదా వాల్కోవా. కలినోవెత్స్ పోలీసు స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ని. సెర్బియా సరిహద్దు మా ఊరికి పదకొండు కిలోమీటర్లు. ఆ రోజు సోమవారం, ఏప్రిల్ పదమూడు. టైము ఉదయం తొమ్మిదీ నలభై.

చనిపోయినామె మిలుంకా స్తొయ్కోవిచ్, అరవై మూడేళ్ళు, సెర్బియాలో జాయెచార్ మనిషి. ఆమెకి ఒక్కడే కొడుకు రాదిషా. లారీ డ్రైవరు. మా ఊరి పిల్ల ఇస్క్రాని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మార్చిలో ఇటలీ నుంచి వస్తూ జ్వరంతో తిన్నగా ఆస్పత్రికే వెళ్ళాడు, ఇంటి గడప తొక్కలేదు. అప్పటికే దేశాలన్నీ తలుపులు వేసుకున్నాయి. పరాయి దేశస్థుల్ని లోపలికి రానివ్వడం లేదు. కొడుకు ప్రాణం మీదికొచ్చింది, కోడలు ఈ దేశపు మనిషి, అని కాగితాలు చూపించి మిలుంకా ప్రత్యేక అనుమతి సంపాదించింది. అవతలి టాక్సీ సరిహద్దు గేటు దాటి రాదు, ఇవతలి టాక్సీ గేటు దగ్గరికి పోదు. మార్చి ముప్పైన వానలో సంచీ మోసుకుంటూ నడిచే దేశం దాటింది. గేటు దగ్గర ఐదు గంటలు నిలబెట్టి, పద్నాలుగు రోజులు గడప దాటనని సంతకం పెట్టించుకుని వదిలారు. దాటితే జైలు.

ఆమెని ఉంచింది ఈ మూడో అంతస్తు ఇంట్లో. ఇస్క్రా వాళ్ళమ్మది, ఆవిడ పోయాక ఖాళీగా ఉంది. ఇస్క్రా కాపురం సరిగ్గా కింది అంతస్తులో. ఇక్కడ కిటికీ తీస్తే ఆస్పత్రి కప్పు కనబడుతుంది, నాలుగు వందల గజాలుంటుందేమో. పద్నాలుగు రోజులయ్యాక మాత్రం ఆ వార్డులోకి ఎవరు రానిస్తారు? ఆ సంగతి ఆమెకి గేటు దగ్గర ఎవరూ చెప్పలేదు. నేనున్నా చెప్పేదాన్ని కాదేమో.

త్సాంకో పని రోజూ వీధిలో నిలబడి పైకి చూడటం. పేరు పెట్టి పిలవాలి, ఆమె కిటికీలో కనబడాలి, టైము రాసుకోవాలి. మెట్లెక్కకూడదు. ఈ ఉదయం ఎనిమిదికి విడుదల కాగితం పట్టుకుని మొదటిసారి మర్యాదగా మెట్లెక్కాడు. తలుపు తియ్యలేదు. తాళం పగలగొట్టారు.

"పన్నెండు దాకా టైమిస్తున్నాను," అన్నాడు బెలిషెవ్. "ఆ తర్వాత ఈయన్ని తీసుకెళ్ళిపోతాను. ఇంకో సంగతి. శవాన్ని ఇవాళే పూడ్చాలి. దగ్గరి బంధువుకి కబురు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. బంధువంటే కొడుకే. సరిగ్గా పన్నెండుకి మా మనిషి వార్డులో ఆ కాగితం చదివి వినిపిస్తాడు."

"ఊపిరందని మనిషికి అమ్మ చావు కాగితం చదివి వినిపిస్తారా?"

"చట్టం మేడం. నేను రాయలేదు."

నేను పడకగదిలోకి నడిచాను. లోపల చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. హీటరు ఆపేసి ఉంది, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వాసన రాకుండా నాలుగు మూలలా వెనిగర్ పోసిన గిన్నెలు. చావు జరిగిన ఇంట్లో మా వైపు చేసినట్టే బీరువా అద్దానికి దుప్పటి కప్పి ఉంది. మంచం మీద మిలుంకా నీలం రంగు కొత్త జాకెట్ వేసుకుని, తెల్లటి పొట్టి జుట్టు శుభ్రంగా దువ్వించుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని పడుకుని ఉంది. ఒంటి మీద దెబ్బల్లేవు. తలగడ పక్కన గుండె మాత్రల డబ్బా, సగం ఖాళీ. గుండె ఆగిపోయినట్టుందని డాక్టరు అప్పటికే చెప్పాడు.

తల దగ్గర స్టూలు మీద గోధుమలు నింపిన గ్లాసు. అందులో పసుపుపచ్చ సన్నటి కొవ్వొత్తుల మొదళ్ళు. లెక్కపెట్టాను. ఏడు.

చంపినవాడెవడూ అద్దానికి దుప్పటి కప్పడు, రోజూ వచ్చి కొవ్వొత్తి వెలిగించడు. ఈమెని ఎవరో స్నానం చేయించి, బట్టలు మార్చి, పక్కన కూర్చుని ఏడ్చారు. నిన్నటి ఆదివారం నుంచి వెనక్కి ఏడు లెక్కపెడితే పోయిన సోమవారం, ఏప్రిల్ ఆరు.

వీధి వైపు గదిలో కిటికీ పక్కన మేకుకి ఆకుపచ్చ తలగుడ్డ, దాని కింద కళ్ళద్దాలు, మాస్క్. తలగుడ్డ విప్పి వెలుతురులో పట్టుకున్నాను. లోపల పొడవాటి వెంట్రుక ఒకటి చిక్కుకుని ఉంది. గోరింటాకు పెట్టినట్టు ఎర్రటిది.

మెట్ల మీదికి తిరిగొచ్చాను. "త్సాంకో అన్నా, నా ముఖం చూసి చెప్పు. ఒక్క రోజైనా ఎగ్గొట్టావా?"

"మా అమ్మ మీద ఒట్టు మేడం. పద్నాలుగు రోజులూ వచ్చాను. బేకరీ ముందు నిలబడి మెడ పట్టేసేదాకా పైకి చూశాను."

"ఏమని పిలిచేవాడివి?"

"మిలుంకమ్మా, బాగున్నావా? అని."

"ఆవిడేమనేది?"

"ఏమంటుంది మేడం? మొహానికి మాస్క్, మూడో అంతస్తు. మాట వినబడి చస్తేగా. తల ఊపేది."

"ఎలా?"

త్సాంకో ముఖంలో ఆ ఉదయం మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "మొదటిరోజు నా ప్రాణం తీసింది. బాగున్నావా అంటే తల పైకీ కిందికీ ఆడించింది. బాగాలేదంటోందేమోనని, ఎక్కకూడదని తెలిసీ మూడంతస్తులూ పరిగెత్తాను. తలుపవతల నుంచి ఒకటే నవ్వు. మా వైపు అవునంటే ఇలాగే నాయనా, అంది."

మా దేశంలో అవునంటే తల అడ్డంగా ఊపుతాం. కాదంటే పైకి ఎగరేస్తాం. ఆ పదకొండు కిలోమీటర్లు దాటితే వ్యవహారం మొత్తం తలకిందులు. మా అమ్మమ్మది అవతలి ఊరు. నా చిన్నతనమంతా ఆవిడ ఇస్తానన్నదేదో ఇవ్వనన్నదేదో తెలియక ఏడ్చేదాన్ని.

"తర్వాత?"

"తర్వాత అలవాటైపోయింది. ఆవిడ పైకీ కిందికీ ఊపేది, నేను 'బాగుంది' అని రాసుకునేవాణ్ణి. వారం గడిచాక పాపం ఆవిడే మన పద్ధతి నేర్చుకుంది."

నా చేతిలో పెన్ను ఆగింది. "ఏం నేర్చుకుంది?"

"మనలాగే అడ్డంగా ఊపడం మొదలెట్టింది. నా కోసం నేర్చుకుందనుకున్నాను మేడం. ముచ్చటేసింది కూడా."

"ఏ రోజు నుంచి?"

త్సాంకో పుస్తకం తిప్పాడు. "పోయిన మంగళవారం. ఏడో తారీకు. ఆ రోజు నుంచి నిన్నటిదాకా."

నేను బెలిషెవ్ వైపు తిరిగాను. "విన్నారా? అరవై మూడేళ్ళు ఒకలా ఊగిన తల ఒక్క రాత్రిలో మారదు. ఏడో తారీకు నుంచి కిటికీలో నిలబడ్డది ఈ దేశం మనిషి. ఇంట్లో కూర్చుని పుస్తకం నింపేవాడికి ఇలాంటి అబద్ధం అల్లడం చేతకాదు. చేతనైతే మనకి చెప్పడు."

"తల ఊపుడు మీద కేసు కడతారా?" అన్నాడతను. కానీ గొంతులో బిగువు తగ్గింది. వెంట్రుక ఉన్న కవరు చేతిలో పెట్టాక అదీ పోయింది.

త్సాంకో అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే ఆరు రోజులు నేను ఎవర్ని బాగున్నావా అని అడిగాను మేడం?" అన్నాడు. ఉద్యోగం దక్కిందన్న సంతోషం అతని ముఖంలో ఎక్కడా కనబడలేదు.

ఇస్క్రా తన వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె క్వారంటైన్ ఇంట్లో తిరిగిన మనిషి కాబట్టి నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి. ఎర్రటి పొడవాటి జుట్టు, రోజుల తరబడి నిద్రలేని కళ్ళు. నేను తలగుడ్డ చూపించాను. అంతే. ఆమె బుకాయించలేదు.

"త్సాంకోగారిని పట్టుకెళ్తారా?" అని అడిగింది ముందు.

"నువ్వు చెప్పేదాన్ని బట్టి ఉంటుంది."

"ఆయన తప్పేం లేదు. ఆరు రోజులూ నేనే నిలబడ్డాను." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "సోమవారం రాత్రి టీవీలో ఎనిమిది గంటల వార్తల సంగీతం మొదలైంది. సూపు పట్టుకుని పైకెళ్ళాను. అత్తమ్మ పక్కకి ఒరిగి ఉంది. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. అరిచాను. తర్వాత తిట్టాను కూడా. ఇంకో ఆరు రోజులు ఆగలేకపోయావా అత్తమ్మా, ఇన్నాళ్ళు ఆగినదానివి, అని."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కాగితం ఎవరి దగ్గరికి వెళ్తుంది? కోడలి దగ్గరికి రాదు. కొడుకు దగ్గరికి వెళ్తుంది. రాదిషా రోజూ సాయంత్రం నేను ఫోన్ చేస్తే ఒకటే అడిగేవాడు, అమ్మకి ఇంకా ఎన్ని రోజులు? అని. అతను ఆ లెక్క మీదే బతుకుతున్నాడమ్మా అని డాక్టరమ్మే చెప్పింది. తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఆ లెక్క నేనెలా తెంపను?"

"పద్నాలుగు రోజులూ అయ్యాక?"

"ఆలోచించలేదు. అప్పటికి తేరుకుంటాడనుకున్నాను." కళ్ళు తుడుచుకుంది. "అత్తమ్మని నేనే శుభ్రం చేశాను. కొవ్వొత్తి వెలిగించి చేతిలో చెయ్యేసి మాటిచ్చాను, రాదిషాకి తెలియనివ్వను అత్తమ్మా, అతను లేచి నడిచేదాకా తెలియనివ్వను, అని. పైకే అన్నాను, పిచ్చిదానిలా."

"ఆమె ఫోను?"

"మర్నాడు దుప్పటి మడతల్లో దొరికింది. మోగుతుందేమోనని రోజూ చచ్చేదాన్ని. ఆపేస్తే అనుమానపడతాడని ఛార్జింగులో పెట్టి ఉంచాను. అత్తమ్మకి గొంతు పూడుకుపోయింది, చెయ్యొద్దు, ఆవిడ మాటలు నేనే చెప్తాను అన్నాను. సరేనన్నాడు. దేవుడి దయ, ఒక్కసారి కూడా మోగలేదు."

మెట్ల మీద బెలిషెవ్ ఆ ఫోనున్న కవరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పాత బటన్ల ఫోను, సెర్బియా నంబరు.

"లెక్క సరిపోయింది మేడం. సోమవారం సాయంత్రం కొడుకు చేసిన కాలే చివరిది. ఆరూ నలభై ఎనిమిదికి మొదలై యాభై రెండు నిమిషాలు నడిచింది. అంటే ఏడూ నలభైకి ముగిసింది. కోడలు వెళ్ళింది ఎనిమిదికి. మధ్యలో ఇరవై నిమిషాల్లో గుండె ఆగింది. హత్య కాదు. కానీ అధికారుల్ని మోసగించడం, క్వారంటైన్ ఉల్లంఘన, శవాన్ని దాచడం. ఐదేళ్ళదాకా పడొచ్చు."

"ఆమె ఎవరికి హాని చేసింది?"

"చట్టానికి."

"చట్టం కోలుకుంటుందిలెండి," అన్నాను. ఒళ్ళు మండిపోయింది. "మీ మనిషి కాగితం చదవక్కర్లేదు. రాదిషాకి నేను చెప్తాను. ఫోన్లో, వాళ్ళ భాషలో."

అతనికి ఏం తోచిందో, ఫోను కవరు నా చేతిలో పెట్టాడు. "పన్నెండులోపు చెప్పండి. దాటితే కాగితమే."

కొడుకు నంబరు కోసం ఆ ఫోను వెలిగించాను. నా చేతి గడియారం పదకొండూ నలభై ఒకటి చూపిస్తోంది. ఫోను పదీ నలభై ఒకటి చూపిస్తోంది.

ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

సెర్బియా టైము మాకంటే గంట వెనక. మిలుంకా దేశం దాటింది గానీ ఫోనులో గంట మార్చలేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో కూడా అంతే, రెండు గోడలకి రెండు గడియారాలు. అయితే ఆ కాల్ ఆరూ నలభై ఎనిమిదికి మొదలవలేదు. మా గంట ప్రకారం ఏడూ నలభై ఎనిమిదికి మొదలై ఎనిమిదీ నలభై దాకా నడిచింది. ఇస్క్రా సూపు పట్టుకుని వెళ్ళింది ఎనిమిదికి.

ఆమె వెళ్ళినప్పుడు ఆ కాల్ నడుస్తూనే ఉంది. దుప్పటి మడతల్లో.

పేజీ కిందికి జరిపాను. మార్చి ముప్పై నుంచి ఏప్రిల్ ఆరు దాకా రోజూ సాయంత్రం కొడుకు కాల్ ఉంది. ఏడో తారీకు నుంచి ఒక్కటీ లేదు. గొంతు బాగాలేదంటే ఒక్కగానొక్క కొడుకు కనీసం ఒకసారైనా మోగించి చూడడా? మోగించలేదంటే, ఎత్తేవాళ్ళు లేరని అతనికి తెలుసు.

వార్డుకి ఫోన్ చేశాను. నర్సు చాలాసేపటికి అతనికిచ్చింది. ఆక్సిజన్ బుడబుడల శబ్దం వినిపించింది. నేను మా అమ్మమ్మ భాషలో నా పేరు చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో వెతుక్కుంటుంటే అతనే మొదలుపెట్టాడు.

"దొరికిపోయిందా... ఇస్క్రా?"

"నీకు తెలుసు కదా రాదిషా."

"అమ్మ ఇంటి ముందు చెర్రీ చెట్టుకి పురుగు పట్టిందని తిడుతోంది. మధ్యలో ఆగిపోయింది. పిలుస్తూనే ఉన్నాను." ప్రతి నాలుగు మాటలకీ ఊపిరి కోసం ఆగుతున్నాడు. "తర్వాత తలుపు చప్పుడు. గిన్నె పడ్డ చప్పుడు. ఇస్క్రా ఏడుపు. అరవబోయాను, గొంతు పెగల్లేదు. అన్నీ విన్నాను మేడం. నీళ్ళ చప్పుడు. ఆమె తిట్లు. చివరికి నాకు తెలియనివ్వనని మాటిచ్చింది చూడండి... అప్పుడు పెట్టేశాను."

"మరి రోజూ ఎన్ని రోజులని ఎందుకడిగావు?"

"అడక్కపోతే ఆమె ఏం చేసేది? ఆ అబద్ధం చెప్పాలనే పొద్దున లేచేది." కొంచెం నవ్వాడనుకుంటాను, దగ్గొచ్చింది. "అమ్మ ఏం తింది, ఏమంది, రోజూ చెప్పేది. మా అమ్మ బతికుండగా నాతో ఎన్నడూ అంత తియ్యగా మాట్లాడలేదు."

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. బెలిషెవ్‌కి నా ముఖం కనబడకూడదు.

"నాకు ముందే తెలుసని ఆమెకి చెప్పకండి. ఇప్పుడే మీ నోట విన్నానని చెప్పండి. తట్టుకున్నాడని చెప్పండి. ఇంకోటి... నాలుగింటికి నా గొంతులో గొట్టం వేస్తారట. నిద్రపుచ్చుతారట. లేస్తానో లేదో డాక్టరమ్మ చెప్పలేదు. అదీ ఇస్క్రాకి చెప్పకండి."

సరేనన్నాను. పదకొండూ యాభై ఆరుకి ఫోన్ పెట్టేశాను. బెలిషెవ్ ముందుంచిన కాగితం మీద "కొడుకుకి ఈ పూటే తెలియజేయబడింది" అని రాసి సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. అందుకు నాకేమీ బాధ లేదు.

ఇస్క్రా గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చెప్పారా?"

"చెప్పాను. ఏడ్చాడు. తట్టుకున్నాడు. తర్వాత నీ గురించే అడిగాడు."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వారం రోజుల నుంచి మోస్తున్నదేదో దిగిపోయినట్టు భుజాలు కిందికి జారాయి. చాలాసేపటి తర్వాత చేతులు తీసింది. ఆ ముఖంలో సంతోషం లాంటిది కనబడింది.

"అయితే ఇక అబద్ధాలు అక్కర్లేదు," అంది. "సాయంత్రం మామూలుగా ఏడింటికి ఫోన్ చేస్తాను. జైలుకి తీసుకెళ్ళినా ఆ ఒక్క ఫోనూ చెయ్యనిస్తారా? అత్తమ్మ గురించి ఉన్నదున్నట్టు అంతా చెప్పుకుని ఇద్దరం ఏడుస్తాం."

"సాయంత్రం దాకా ఎందుకు?" నా ఫోను తీసి గుమ్మం ఇవతల నుంచి టేబుల్ మీదికి జరిపాను. "ఇప్పుడే చెయ్యి."

"ఇప్పుడు వార్డులో భోజనాల టైము కదా..."

"ఇప్పుడే చెయ్యి ఇస్క్రా."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం చదువుకుందో తెలియదు, ఇంకేమీ అడగలేదు. ఫోను తీసుకుని నంబరు నొక్కింది. నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

బెలిషెవ్ ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. "పదండి, ఆమెని తీసుకెళ్దాం."

నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"నాలుగు దాటాక రండి," అన్నాను.